పేగుపూత వ్యాధిగ్రస్తులకు ఖనిజ లవణాలు: పరీక్ష ముందు, మాత్ర తరువాత

పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం ప్రత్యేక వ్యాసం

తిరువూరు: రక్తహీనత నివారణకు ప్రభుత్వం ఉచితంగా అందజేస్తున్న ఐరన్ మాత్రలను నెలల తరబడి వాడినప్పటికీ హిమోగ్లోబిన్ పెరగని వారు ఆరోగ్య ఉపకేంద్రాల పరిధిలో తరచు కనిపిస్తుంటారు. మాత్రలు సక్రమంగా మింగడం లేదని భావించి మరికొన్ని మాత్రలు ఇచ్చి పంపడం పరిపాటి. చాలా మంది విషయంలో ఆ అనుమానం నిజమే కావచ్చు. అయితే కొందరిలో లోపం మాత్ర వాడకంలో కాక పేగులోనే ఉంటుంది. విరేచనంలో రక్తం, జిగురు పడటం, వారాల తరబడి తగ్గని నీళ్ల విరేచనాలు, కారణం తెలియకుండా బరువు తగ్గడం వంటి లక్షణాలు రక్తహీనతతో పాటు ఉన్నట్లయితే మరో పట్టీ మాత్రలు ఇవ్వడం కంటే పేగును పరీక్షించడం ముఖ్యం. పేగుపూత వ్యాధిగా నిర్ధారణ అయిన వారికి ఏ ఖనిజ లవణాన్ని, ఎప్పుడు, ఏ మార్గంలో ఇవ్వాలన్న విషయంలో సాధారణ రోగులకు వర్తించే లెక్కలు పూర్తిగా వర్తించవు.

వ్యాధి స్వభావం

పేగు లోపలి పొర దీర్ఘకాలిక శోథ వలన దెబ్బతినే వ్యాధులను వైద్యులు ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ అని, క్లుప్తంగా ఐ.బి.డి. అని వ్యవహరిస్తారు. తెలుగు పత్రికలు వాడుతున్న పేగుపూత అన్న మాట జనానికి సులభంగా అర్థమవుతుంది కనుక ఈ వ్యాసంలోనూ దానినే వాడుతున్నాము. ఇందులో ప్రధానమైనవి రెండు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకు పరిమితమై, మలాశయం నుండి పైకి వ్యాపిస్తుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుండి మలద్వారం వరకు జీర్ణనాళంలో ఎక్కడైనా రావచ్చు. చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువగా కనిపిస్తుంది. రెండూ అంటువ్యాధులు కావు. శరీర రక్షణ వ్యవస్థ తన పేగుపైనే దాడికి దిగడం వలన కలుగుతాయి. కొంతకాలం శాంతించి, మళ్లీ తిరగబెట్టడం వీటి నైజం.

పేరులో పోలిక వలన ఐ.బి.ఎస్. అనే మరో రుగ్మతతో దీనిని కలిపి రాయడం పత్రికలలో తరచు జరుగుతున్నది. ఐ.బి.ఎస్.లో పేగు పొరకు గాయం ఉండదు, రక్తస్రావం ఉండదు. మన దేశంలో మరొక చిక్కు కూడా ఉన్నది. పేగు క్షయ లక్షణాలు క్రోన్స్ వ్యాధిని అచ్చంగా పోలి ఉంటాయి. క్షయను క్రోన్స్‌గా పొరబడి స్టెరాయిడ్లు ఇస్తే క్షయ విజృంభిస్తుంది. కావున కొలనోస్కోపీ, ముక్క పరీక్ష జరగకుండా పేగుపూత అని తేల్చడం తగదు.

ఇది నగరాల వ్యాధి, సంపన్నుల వ్యాధి అన్న అభిప్రాయం చాలాకాలం ఉండేది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి చెందిన డా. రూపా బెనర్జీ, సహచరులు ఉదర లక్షణాలు గల 30 వేల మందికి పైగా గ్రామీణ, పట్టణ ప్రజలకు కొలనోస్కోపీ జరిపి, ఫలితాలను 2023లో లాన్సెట్ రీజనల్ హెల్త్ - సౌత్‌ఈస్ట్ ఏషియా పత్రికలో ప్రచురించారు. సుమారు 5 శాతం మందిలో పేగుపూత బయటపడింది. పల్లెకూ పట్టణానికీ మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఈ 5 శాతం అన్నది లక్షణాలతో వచ్చి పరీక్ష చేయించుకున్న వారిలో మాత్రమే. జనాభాలో 5 శాతం అని రాస్తే అది పెద్ద తప్పు అవుతుంది. ప్రపంచ వ్యాధి భారంపై జరిగిన అధ్యయనం 2019 సంవత్సరానికి దేశం మొత్తం మీద ఈ వ్యాధిగ్రస్తులు సుమారు 2.7 లక్షల మంది ఉంటారని అంచనా వేసింది.

ఐరన్: మాత్రా? ఇంజక్షనా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత, అనగా 2019-21 లెక్కల ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15-49 సంవత్సరాల వయసు గల మహిళలలో 58.8 శాతం మంది, తెలంగాణలో 57.6 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఇంత విస్తృతంగా ఉన్న సమస్యలో పేగుపూత వలన రక్తహీనులైన వారు గుంపులో కలిసిపోవడం సహజం. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

పేగుపూతలో ఐరన్ రెండు దారుల తరిగిపోతుంది. పుండ్ల నుండి రోజూ కొద్దికొద్దిగా కారే రక్తం ఒక దారి. రెండవది కంటికి కనిపించనిది. శరీరంలో శోథ ఉన్నంత కాలం కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును అధికంగా విడుదల చేస్తుంది. చిన్నపేగు తొలి భాగం నుండి ఐరన్ రక్తంలోకి చేరే ద్వారాన్ని ఈ హార్మోను మూసివేస్తుంది. నిల్వ ఉన్న ఐరన్‌ను కూడా బయటకు రానివ్వదు. మింగిన మాత్ర రక్తంలోకి చేరక పేగులోనే మిగిలిపోతుంది. అట్లా మిగిలిన ఐరన్ వికారం, కడుపునొప్పి, విరేచనాలను పెంచుతుంది. రోగి మాత్ర మానివేస్తాడు. ఆరోగ్య కార్యకర్త దృష్టిలో మాట వినని రోగిగా మిగులుతాడు.

ఈ కారణం చేతనే యూరోపియన్ క్రోన్స్ అండ్ కొలైటిస్ ఆర్గనైజేషన్ 2015లో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టమైన గీత గీశాయి. వ్యాధి శాంతించి, రక్తహీనత స్వల్పంగా ఉన్నవారికి మాత్రలు సరిపోతాయి. వ్యాధి ఉధృతంగా ఉన్నవారికి, హిమోగ్లోబిన్ 10 గ్రాముల కంటే తక్కువ ఉన్నవారికి, గతంలో మాత్రలు పడనివారికి సిర ద్వారా ఐరన్ ఎక్కించడమే మొదటి మార్గం. మాత్రలు వాడినా రోజుకు 100 మిల్లీగ్రాముల మూలక ఐరన్‌కు మించరాదు.

ఈ 100 మిల్లీగ్రాముల పరిమితిని మన కార్యక్రమంతో పోల్చి చూడటం అవసరం. 2018లో ప్రారంభమైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో పెద్దల మాత్ర ఒక్కొక్కదానిలో 60 మిల్లీగ్రాముల మూలక ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. స్వల్ప, మధ్యస్థ రక్తహీనత గల గర్భిణులకు, కౌమార బాలికలకు చికిత్సగా రోజుకు రెండేసి మాత్రలు సూచించారు. అనగా 120 మిల్లీగ్రాములు. సాధారణ రక్తహీనతకు అది తగిన మోతాదే. పేగుపూత ఉన్నవారి విషయంలో మాత్రం పరిమితి దాటుతుంది. అదే కార్యక్రమం మరొక నియమాన్ని కూడా పెట్టింది: గర్భిణికి మాత్రలు సక్రమంగా వాడినప్పటికీ నెల రోజులలో హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెరగకపోతే తదుపరి పరీక్షలకై పై స్థాయి ఆసుపత్రికి పంపాలి. కొత్త ఉత్తర్వులు, కొత్త పథకాలు అవసరం లేకుండానే పేగుపూతను గుర్తించేందుకు ఈ ఒక్క నియమం దారి చూపగలదు. పంపే చీటీలో "విరేచనంలో రక్తం ఉన్నదా" అన్న ప్రశ్నకు సమాధానం కూడా రాసి పంపితే పై ఆసుపత్రి వైద్యునికి సగం పని తగ్గుతుంది.

రక్తంలో ఫెరిటిన్ పరీక్షను చదవడంలోనూ జాగ్రత్త కావాలి. ఫెరిటిన్ ఐరన్ నిల్వలకు కొలమానం. కాని శోథ ఉన్నప్పుడు అది తనంతట తానే పెరుగుతుంది. శోథ లేనివారిలో లీటరుకు 30 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే లోపమని చెప్పవచ్చు. శోథ ఉన్నవారిలో 100 వరకు చూపినా లోపం ఉండవచ్చు. ల్యాబ్ కాగితంపై "నార్మల్" అని అచ్చయిన అంకె ఇక్కడ నమ్మదగినది కాదు.

సిర ద్వారా ఇచ్చే మందులలో ఐరన్ సుక్రోజ్‌ను సాధారణంగా విడతకు 200 మిల్లీగ్రాముల చొప్పున పలుమార్లు ఇస్తారు. ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్‌ను ఒకే విడతలో 1000 మిల్లీగ్రాముల వరకు ఇవ్వవచ్చు. దూరం నుండి బస్సెక్కి వచ్చే రోగికి, కూలి పోగొట్టుకొని వచ్చే రోగికి ఈ తేడా చిన్నది కాదు. అయితే రెండవ మందు వలన కొందరిలో రక్తంలోని ఫాస్ఫేట్ బాగా పడిపోతుంది. విపరీతమైన నీరసం, ఎముకల నొప్పి కనిపిస్తే ఆ పరీక్ష చేయించాలి. అరుదుగానైనా తీవ్ర అలర్జీ వచ్చే వీలున్నందున ఈ ఇంజక్షన్లను అత్యవసర చికిత్స సదుపాయం ఉన్న చోటనే ఇవ్వాలి. ఇంటి వద్ద, మందుల దుకాణంలో ఎక్కించడం ప్రమాదకరం.

ఐరన్ మాత్ర వాడేవారి మలం నల్లబడుతుంది. పేగుపూత రోగి దానిని రక్తస్రావమని భయపడటమూ, నిజమైన రక్తస్రావాన్ని మాత్ర వలన వచ్చిన రంగు అనుకొని ఊరుకోవడమూ రెండూ జరుగుతుంటాయి. మాత్ర ఇచ్చిన రోజే ఈ సంగతి చెప్పడం మంచిది.

తిరువూరు డివిజన్‌లో అదనపు జాగ్రత్త

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో తిరువూరు ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఈ డివిజన్‌లోని ఎ.కొండూరు మండల తండాలు మూత్రపిండాల వ్యాధితో కొన్నేళ్లుగా వార్తలలో ఉన్నాయి. కిడ్నీ పాడైన శరీరం మెగ్నీషియం, పొటాషియం, ఫాస్ఫేట్‌లను సరిగా బయటకు పంపలేదు. కావున ఖనిజ లవణాల విషయంలో మరెక్కడా లేనంత జాగ్రత్త ఈ ప్రాంతంలో అవసరం. పేగుపూత రోగికి నీళ్ల విరేచనాల వలన మెగ్నీషియం, పొటాషియం తగ్గిపోతాయి. కిడ్నీ రోగిలో అవే పేరుకుపోతాయి. రెండు వ్యాధులూ ఒకరికే ఉన్నప్పుడు అంచనాతో మాత్ర ఇవ్వడం కుదరదు. పొటాషియం మరీ తగ్గినా, మరీ పెరిగినా గుండె లయ తప్పుతుంది. విరేచనాలకు మేలని కొబ్బరినీళ్లు తాగించడం మన ఇళ్లలో ఆనవాయితీ. కొబ్బరినీళ్లలో పొటాషియం అధికం; కిడ్నీ దెబ్బతిన్న వారికి వైద్యుని అడగకుండా ఇవ్వరాదు.

పేగుపూతకు విరివిగా వాడే మెసాలమిన్ మందు అరుదుగా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందువలన మందు మొదలుపెట్టడానికి ముందు, తరువాత క్రమం తప్పకుండా సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కిడ్నీకి చేటు చేయడమే కాక శాంతించిన పేగుపూతను తిరగబెట్టించగలవు. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఈ మాత్రల వాడకం పెరగడం మనకు తెలిసినదే.

మరొక ప్రమాదం పరీక్ష గదిలోనే పొంచి ఉన్నది. కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రపరచేందుకు తాగించే ద్రావణాలలో సోడియం ఫాస్ఫేట్ రకం మూత్రపిండాలలో ఫాస్ఫేట్ పేరుకొనేలా చేసి శాశ్వత హాని కలిగించిన సందర్భాలు ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో దీనిపై తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. కిడ్నీ వ్యాధి ఉన్నవారికి, ఉన్నదని అనుమానం ఉన్నవారికి పాలీఇథిలీన్ గ్లైకాల్ రకం ద్రావణమే సురక్షితం. తిరువూరు ప్రాంతం నుండి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని విజయవాడకో, హైదరాబాద్‌కో, సరిహద్దు అవతల ఖమ్మానికో పరీక్షకు వెళ్లే వారు తమ కిడ్నీ సంగతిని అక్కడి వైద్యునికి ముందుగా చెప్పాలి. చాలామంది చెప్పరు, అడిగేవారూ తక్కువ.

కాల్షియం

వ్యాధి ఉధృతిని తగ్గించడానికి వాడే ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు ఎముకలను బలహీనపరుస్తాయి. శోథ కూడా ఆ పని చేస్తుంది. పాలు తాగితే విరేచనాలవుతాయని రోగి పాలు, పెరుగు మానివేయడం మూడవ దెబ్బ. అందుచేత స్టెరాయిడ్లు వాడుతున్న కాలంలో కాల్షియం, విటమిన్ డి ఇవ్వడం ఆనవాయితీగా వస్తున్నది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో సిఫారసు చేసిన ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఇందులో ఆహారం ద్వారా అందేది పోగా మిగిలినదే మాత్రగా తీసుకోవాలి. కాల్షియం కార్బొనేట్ మాత్రను భోజనంతో పాటు, ఐరన్ మాత్రను వేరే పూట తీసుకోవాలి. రెండింటినీ కలిపి మింగితే ఐరన్ ఒంటబట్టడం తగ్గుతుంది.

కిడ్నీలో రాయి వచ్చిందని కాల్షియం పూర్తిగా మానివేయడం మన ప్రాంతంలో తరచు కనిపిస్తుంది. చిన్నపేగు చివరి భాగంలో క్రోన్స్ వ్యాధి ఉన్నవారికి, ఆ భాగాన్ని శస్త్రచికిత్సతో తొలగించిన వారికి ఇది విరుద్ధ ఫలితమిస్తుంది. వీరిలో కొవ్వు సరిగా జీర్ణం కాక పేగులోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. కాల్షియంతో కలిసి మలంలో పోవలసిన ఆక్సలేట్ విడిగా మిగిలి, రక్తంలోకి చేరి, మూత్రపిండాలలో రాయిగా మారుతుంది. భోజనంతో తీసుకున్న కాల్షియం ఆ ఆక్సలేట్‌ను పేగులోనే బంధిస్తుంది.

జింక్, మెగ్నీషియం, తదితరాలు

పిల్లల నీళ్ల విరేచనాలకు ఓ.ఆర్.ఎస్.తో పాటు 10-14 రోజులు జింక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో సూచించాయి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవారికి 10 మిల్లీగ్రాములు. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆశా కార్యకర్తలకు సుపరిచితమైన ఈ సూచన హఠాత్తుగా వచ్చే విరేచనాలకు ఉద్దేశించినది. పేగుపూత ఉన్న పెద్దలకు నెలల తరబడి జింక్ వాడమనడానికి దీనిని ఆధారంగా చూపరాదు. దీర్ఘకాలం ఎక్కువ మోతాదులో జింక్ వాడితే రాగి ఒంటబట్టదు. రాగి లోపం వలన మళ్లీ రక్తహీనతే వస్తుంది, నరాలూ దెబ్బతింటాయి. రుచి తెలియకపోవడం, జుట్టు రాలడం, పుండ్లు మానకపోవడం, విరేచనాలు ఎక్కువ కాలం కొనసాగడం జింక్ లోపానికి గుర్తులు. శోథ ఉన్నప్పుడు రక్తంలో జింక్ అంకె తగ్గి కనిపిస్తుంది కనుక ఒక్క అంకెను చూసి నిర్ణయించరు.

మెగ్నీషియం మాత్రల ఇబ్బంది వేరు. అవే విరేచనాలు కలిగిస్తాయి. మెగ్నీషియం తగ్గినంత కాలం కాల్షియం, పొటాషియం ఎంత ఇచ్చినా నిలవవు. కండరాలు పట్టేయడం, వేళ్లు తిమ్మిరెక్కడం కనిపించినప్పుడు మూడింటినీ కలిపి పరీక్షించాలి.

ఓ.ఆర్.ఎస్. విషయం పాతదే అయినా చెప్పుకోవాలి. 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్, 13.5 గ్రాముల గ్లూకోజ్ గల ప్యాకెట్టును లీటరు నీటిలోనే కలపాలి. గ్లాసులో కలిపితే విరేచనాలు పెరుగుతాయి.

ఫోలిక్ యాసిడ్ ఖనిజం కాదు, విటమిన్. అయినా ఐరన్ మాత్రలో కలిసి వస్తుంది కనుక ఒక మాట. కొలైటిస్‌కు వాడే సల్ఫసలజిన్ మందు శరీరానికి ఫోలిక్ యాసిడ్ అందకుండా అడ్డుపడుతుంది; ఆ మందు వాడేవారికి దీనిని విడిగా ఇస్తారు. భీమవరంలో 1895లో జన్మించిన డా. యల్లాప్రగడ సుబ్బారావు పర్యవేక్షణలో 1945లో లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. ఆయన ఇద్దరు సోదరులు పేగుకు సంబంధించిన స్ప్రూ వ్యాధితోనే కన్నుమూశారు. ఆయన కూడా ఆ వ్యాధి బారిన పడి కోలుకున్నారు. క్రోన్స్ రోగులకు నేడు వాడుతున్న మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం పని నుండే వచ్చింది.

ఆహారం, నాటుపొడులు

రాగులలో 100 గ్రాములకు సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. వ్యాధి శాంతించిన కాలంలో రాగి జావ, పెరుగు, నువ్వులు మంచివే. పేగు ఇరుకైన చోటు ఉన్న క్రోన్స్ రోగికి తొక్కలు, పీచు ఎక్కువగా ఉన్న పదార్థాలు అడ్డుపడవచ్చు. వారు జావను వడకట్టి తాగాలి. వ్యాధి ఉధృతంగా ఉన్నప్పుడు ఆకుకూరలతోనే రక్తం పడుతుందని కాలయాపన చేయరాదు. పేరు, తయారీ వివరాలు లేని భస్మాలు, పొడులలో సీసం కలిసి ఉన్న సంఘటనలు దేశంలో బయటపడ్డాయి. సీసం విషం కడుపునొప్పిని, రక్తహీనతను కలిగిస్తుంది. అంటే రోగి ఏ బాధతో పొడి కొన్నాడో ఆ బాధే పెరుగుతుంది.

రికార్డులు

తిరువూరు రాష్ట్ర సరిహద్దున ఉన్నందున ఇక్కడి రోగులు కొంత చికిత్స ఒక రాష్ట్రంలో, కొంత మరొక రాష్ట్రంలో పొందుతుంటారు. సిర ద్వారా ఐరన్ ఎక్కించిన తరువాత కొన్ని వారాల పాటు ఫెరిటిన్ అంకె అసహజంగా ఎక్కువగా ఉంటుంది. ఎక్కించిన తేదీ తెలియని వైద్యుడు ఆ అంకెను చూసి నిల్వలు నిండుగా ఉన్నాయని భావించే ప్రమాదం ఉన్నది. కావున ఇచ్చిన మందు పేరు, మోతాదు, తేదీ, ఆనాటి హిమోగ్లోబిన్, క్రియాటినిన్ అంకెలను రోగి చేతి పుస్తకంలో రాయించుకోవాలి. లోపం సరిదిద్దిన తరువాత కూడా కనీసం ఒక సంవత్సరం పాటు మూడు నెలలకొకసారి పరీక్షలు జరిపి, ఫెరిటిన్ 100 కంటే తగ్గినా, హిమోగ్లోబిన్ పడిపోయినా మళ్లీ ఐరన్ ఇవ్వాలని పైన పేర్కొన్న 2015 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.